డాబా కురుస్తుంటే ఏ మరమ్మతు ఎంచుకోవాలి? నెల్లూరు, ప్రకాశం ఇళ్ల కోసం ఒక పోలిక

మన వైపు డాబాలో లోపం ఉంటే అది ఎక్కువగా కార్తీక మాసంలో బయటపడుతుంది. రాష్ట్రంలో చాలా చోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద వానలు. నెల్లూరు జిల్లాలో మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఒంగోలు, కొత్తపట్నం వైపూ ఈశాన్య రుతుపవనాల వాటా పెద్దదే. అదీ రోజుకింత అని పడే వాన కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే రెండు మూడు రోజులు తెరిపి లేకుండా కొడుతుంది. 2021 నవంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడూ చూశాం కదా. అదే స్లాబ్ ఏప్రిల్, మే నెలల్లో చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేనంతగా కాగుతుంది. ఎండకు సాగి, చలికి ముడుచుకుని, ఆ పగుళ్లతోనే వానకు ఎదురు నిలబడాలి.

సీలింగ్ మీద చెమ్మ మచ్చ కనపడగానే సలహాలు మొదలవుతాయి. బేల్దారి మేస్త్రీ సిమెంటు పూత వేద్దామంటాడు. పెయింట్ల షాపులో తెల్ల కోటింగ్ డబ్బా చూపిస్తారు. పక్కింటివాళ్లు రేకుల షెడ్ వేసుకుని నిశ్చింతగా ఉన్నామంటారు. ఇంకొకరు తారు షీటు తప్ప ఏదీ నిలవదంటారు. ఇవన్నీ ఏదో ఒక ఇంటికి సరైన సలహాలే. మీ ఇంటికి ఏది సరిపోతుందో తేలాలంటే ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో తెలియాలి. మూలలో ఉన్న పగులుకు డాబా అంతా కోటింగ్ వేయించి, మళ్లీ నవంబరులో అదే మూల తడవడం చాలా ఇళ్లలో జరుగుతోంది. ఈ ఖర్చు తప్పాలన్నదే ఇదంతా రాయడానికి కారణం.

ముందు చూసుకోవాల్సినవి

*నీటి దారి.* డాబాలో నీళ్లు దిగే చోట్లు సాధారణంగా నాలుగైదే. పిట్టగోడ స్లాబ్‌ను కలిసే మూల, వాన నీటి తూము చుట్టూ, స్లాబ్‌లోంచి పైకి వచ్చే పైపుల చుట్టూ, వాటర్ ట్యాంకు దిమ్మెల కింద, ఆ తర్వాత స్లాబ్ మీద పగుళ్లు. పిట్టగోడ ఇటుకది, స్లాబ్ కాంక్రీటుది. రెండూ ఒకేలా సాగవు కాబట్టి ఆ మూల ముందు విడిపోతుంది. పది మీటర్ల పొడవున్న స్లాబ్ 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అక్కడ గట్టి సిమెంటు నింపితే మరుసటి వేసవికి దాని పక్కనే ఇంకో నెర్రె పడుతుంది.

వంటింటి పొగగొట్టాన్ని కూడా మర్చిపోకండి. పాత ఇళ్లలో కట్టెల పొయ్యి పోయినా, దాని మీద కట్టిన ఇటుక పొగగొట్టం డాబా మీద అలాగే నిలబడి ఉంటుంది. నెత్తిన మూత ఉండదు, ఇటుకల మధ్య సున్నం రాలిపోయి ఉంటుంది, స్లాబ్‌ను కలిసే చోట చుట్టూ నెర్రె ఉంటుంది. వాన ఈ మూడు దారుల్లోనూ దిగుతుంది. వంటింటి గోడ మీద మసి రంగు చారలు కారుతుంటే అనుమానం దాని మీదే పెట్టండి. వాడకంలో లేకపోతే డాబా మట్టానికి తీసేసి, ఆ రంధ్రాన్ని కడ్డీలు పెట్టి కాంక్రీటుతో మూయించడం అన్నింటికన్నా మేలు. వాడుతుంటే నెత్తిన నాలుగు కాళ్ల మీద రాతి పలక పెట్టించి, గోడకు ప్లాస్టర్ చేయించి, అడుగున మూలను గుండ్రంగా మలిపించాలి. ఇప్పటి కరెంటు చిమ్నీ పైపు గోడలోంచి బయటికి పోతుంది. ఆ పైపు బయటి వైపుకు కొంచెం వాలి ఉండాలి, చుట్టూ సందు మూసి ఉండాలి. ఈ మాత్రం పనికి డాబా మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

దారి కనిపెట్టడానికి వాన కోసం ఆగక్కర్లేదు. పొడి రోజున గొట్టంతో ఒక్కో చోటే నీళ్లు పట్టండి. ముందు స్లాబ్ మీద మాత్రమే, మూలలు తడవకుండా పట్టి కొన్ని గంటలు ఆగండి. తర్వాత ఒక మూల, ఆ తర్వాత తూము, చివర పైపుల దగ్గర. అన్నీ ఒకేసారి తడిపితే ఏమీ తేలదు. వాన లేని రోజుల్లో కూడా మచ్చ తడిగానే ఉంటే తప్పు డాబాది కాకపోవచ్చు. ట్యాంకు పైపో, పైఅంతస్తు బాత్రూమో చూడండి.

*వాటం.* వాన ఆగిన మర్నాడు డాబా ఎక్కండి. నీళ్లు మడుగు కట్టి కనపడితే, ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు వాటం సరిచేయించాలి. పది అడుగులకు అంగుళంన్నర చొప్పున తూము వైపు వాలు ఉంటే నీళ్లు నిలవవు. చాలా పూతలు పారే నీటిని ఆపుతాయి గానీ, రోజుల తరబడి నిలిచే నీటిని ఓర్చుకోలేవు.

*కడ్డీల పరిస్థితి.* సీలింగ్ పెచ్చులు ఊడి తుప్పు పట్టిన కడ్డీలు కనపడుతున్నాయా? అయితే ముందు కడ్డీల వైద్యం, తర్వాతే పూత. దీని సంగతి విడిగా కింద రాశాను.

*బరువు.* జనం తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలు. ఆ పైన మందంగా ఏం పరిచినా స్లాబ్ తట్టుకోగలదా అని అడగాలి.

*వాడకం.* వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే డాబా వేరు, ఎవరూ ఎక్కని డాబా వేరు.

పద్ధతులు ఒక చూపులో

| పద్ధతి | నిలిచే నీటికి | ఎండకు | స్లాబ్ మీద బరువు | డాబా వాడకం | మొదటి ఖర్చు |
|---|---|---|---|---|---|
| మూలలు, పగుళ్లకే మరమ్మతు | పగులు వరకే | మూసే మందును బట్టి | ఏమీ లేదు | మామూలుగా | చాలా తక్కువ |
| తెల్ల అక్రిలిక్ కోటింగ్ | ఆగదు | మంచిది, చల్లదనం | ఏమీ లేదు | తక్కువ నడక | తక్కువ |
| పాలీయురెథేన్ కోటింగ్ | ఆగుతుంది | రకాన్ని బట్టి | ఏమీ లేదు | మితమైన నడక | ఎక్కువ |
| సిమెంటు, పాలిమర్ పూత, పైన టైల్స్ | ఆగుతుంది | మంచిది | మధ్యస్థం | బాగా వాడొచ్చు | ఎక్కువ |
| తారు షీటు | ఆగుతుంది | పైన కప్పు లేకపోతే చెడుతుంది | తక్కువ | నడకకు పనికిరాదు | మధ్యస్థం |
| ఇటుక ముక్కల కాంక్రీటు | కొత్తలో ఆగుతుంది | మంచిది | చాలా ఎక్కువ | బాగా వాడొచ్చు | ఎక్కువ |
| రేకుల షెడ్ | నీళ్లు స్లాబ్‌కు చేరవు | నీడ ఇస్తుంది | స్తంభాల దగ్గర | బాగా వాడొచ్చు | అన్నింటికన్నా ఎక్కువ |

మూలలకే మరమ్మతు

గొట్టంతో పరీక్షిస్తే తప్పు ఒకటి రెండు చోట్లే ఉందని తేలిందా? ఇక్కడే ఆగండి. పగులును ఇంగ్లిషు వి అక్షరంలా కోసి, దుమ్ము పూర్తిగా ఊది, సాగే గుణమున్న సీలెంటు నింపాలి. పిట్టగోడ మూలలో పాలిమర్ కలిపిన మోర్టార్‌తో గుండ్రంగా మలచి, దాని మీద వలలాంటి ఫైబర్ గుడ్డ పరిచి రెండు మూడు కోట్లు వేయాలి. ఈ పూత గోడ మీదికి జానెడైనా ఎక్కాలి. పిట్టగోడ పై అంచు కూడా చూడండి. అక్కడ ప్లాస్టర్ పగిలితే నీళ్లు గోడ లోపలి నుంచే కిందికి దిగుతాయి. కొలతలో చిన్న పనే గానీ చేతిపని ఎక్కువ. అందుకే కాంట్రాక్టర్లకు దీని మీద ఆసక్తి ఉండదు. ఓపికగల మేస్త్రీ ఒక్కడు దొరికితే చాలు.

తెల్ల కోటింగ్, పాలీయురెథేన్

రెండూ డబ్బాలో వచ్చేవే, బ్రష్షుతోనో రోలర్‌తోనో వేసేవే. షాపులో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎంపిక కష్టం.

అక్రిలిక్ కోటింగ్ ఎండను తిప్పికొడుతుంది. పైఅంతస్తులో ఉండేవాళ్లకు రోహిణి కార్తెలో ఆ తేడా తెలుస్తుంది. స్లాబ్ వేడెక్కడం తగ్గితే సాగడం కూడా తగ్గుతుంది, కొత్త పగుళ్లు ఆలస్యమవుతాయి. దీని బలహీనత నిలిచే నీరు. వాయుగుండం రోజుల్లో మడుగు కట్టిన చోట మెత్తబడి, ఉబ్బి, పొరలుగా లేస్తుంది. వాటం బాగున్న డాబాకు నేను మొదట చెప్పేది ఇదే. కొన్నేళ్లకోసారి శుభ్రం చేసి మళ్లీ ఒక కోటు వేసుకోవాలని తెలిసే కొనండి.

పాలీయురెథేన్ నిలిచే నీటిని ఓర్చుకుంటుంది, రబ్బరులా బాగా సాగుతుంది. కానీ స్లాబ్‌లో చెమ్మ ఉండగా వేస్తే బుడగలు లేస్తాయి. ఇందులో ఎండను తట్టుకునే రకం వేరు, తట్టుకోని రకం వేరు. తట్టుకోని రకం వేస్తే రంగు మారి పొడి రాలుతుంది. దాని మీద ఎండను తట్టుకునే పై కోటు తప్పనిసరి. కొటేషన్‌లో ఏ రకమో రాయించుకోండి.

రెండింటికీ ఒకే జాగ్రత్త. చదరపు మీటరుకు ఎన్ని కిలోలు పట్టాలో డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని మీ డాబా వైశాల్యంతో గుణించండి. ఎన్ని డబ్బాలు ఖాళీ కావాలో తెలుస్తుంది. పని జరిగే రోజున ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి. మోసం ఎక్కువగా పలచన చేయడంలోనే జరుగుతుంది. పై నుంచి చూస్తే పలచటి పూత, సరైన మందమున్న పూత రెండూ ఒకేలా తెల్లగా కనపడతాయి.

టైల్స్ కింద పాలిమర్ పూత

సిమెంటు పొడి, పాలిమర్ ద్రవం కలిపి వేసే రెండు భాగాల పూత ఇది. కాస్త చెమ్మగా ఉన్న స్లాబ్ మీద కూడా పడుతుంది. దాని మీద వాటం కోసం పలచటి మోర్టార్, ఆపైన తెల్ల కూలింగ్ టైల్స్. డాబాను రోజూ వాడే కుటుంబానికి ఇది నాకు నచ్చిన కూర్పు. ఇక్కడ నీటిని ఆపేది కిందున్న పూత. టైల్స్ దానికి ఎండ నుంచి, నడక నుంచి కాపలా మాత్రమే. పూత లేకుండా టైల్స్ మాత్రమే వేయిస్తే జాయింట్లలోంచి దిగిన నీరు కిందే నిలిచి మెల్లగా ఊరుతుంది. టైల్స్ వేసే ముందు పూత మీద నీళ్లు నిలబెట్టి పరీక్షించాలి. తర్వాత తప్పు తెలిస్తే టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది.

తారు షీటు

సరిగ్గా అతికిస్తే నీటిని గట్టిగా ఆపుతుంది. షీటు మీద షీటు పక్కల నాలుగంగుళాలైనా ఎక్కాలి, మంటతో సమానంగా కరిగించి అతకాలి. ఈ పని చేయగల చెయ్యి అందరికీ ఉండదు. నల్లటి షీటు ఎండను పీల్చి పైగదిని ఇంకా వేడెక్కిస్తుంది. కింద మనుషులుంటే దీన్ని నేరుగా ఎండలో వదలొద్దు. పైన మోర్టార్ వేసి టైల్స్ పరిచే ఉద్దేశం ఉంటేనే వేయించండి.

ఇటుక ముక్కల కాంక్రీటు

పాతకాలపు నమ్మకమైన పని. వాటం, నీటి అడ్డు, ఎండ నుంచి రక్షణ మూడూ ఒక్క దెబ్బతో ఇస్తుంది. కొత్తగా కట్టేటప్పుడు ఇంజనీరు ఈ బరువును లెక్కలో పెట్టి ఉంటే మంచిదే. పాత స్లాబ్ మీద మాత్రం వద్దంటాను. నాలుగున్నర అంగుళాల మందానికి చదరపు మీటరుకు 200 కిలోలు దాటుతుంది. పైన చెప్పిన 150 కిలోల కంటే ఇదే ఎక్కువ. పైగా అది పగిలితే నీళ్లు లోపల ఎక్కడో దిగి, ఇంకెక్కడో కారతాయి. తప్పు దొరకబుచ్చుకోవడం మహా కష్టం.

నెల్లూరు పాత వీధుల్లో ఇంకా ఉన్న మద్రాసు మిద్దెల సంగతి పూర్తిగా వేరు. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంలో ఇటుక ముక్కలు కలిపి దిమ్మిస చేసిన కప్పులవి. సున్నం చెమ్మను పీల్చి ఎండలో వదిలేస్తుంది. దాని మీద గాలి ఆడని సిమెంటో, ప్లాస్టిక్ పూతో వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని దూలాలు పుచ్చుతాయి. పాడైన మేరకు సున్నంతోనే బాగు చేయించండి. ఆ పని తెలిసిన పెద్ద మేస్త్రీ కోసం పక్క ఊళ్లో వెతకాల్సి వచ్చినా వెతకండి.

రేకుల షెడ్

స్లాబ్‌కు వాన, ఎండ రెండూ తగలవు. బట్టలు ఆరేసుకోవచ్చు, పెళ్లిళ్లప్పుడు భోజనాలు పెట్టుకోవచ్చు. అందుకే జనం మొగ్గు దీని వైపు. కానీ మనది తుఫాన్ల తీరం. కట్టడాలకు గాలి భారం లెక్కించే భారతీయ ప్రమాణంలో నెల్లూరుకు రాసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. నాలుగు పక్కలా తెరిచి ఉన్న షెడ్‌ను గాలి కింది నుంచి ఎత్తుతుంది. స్తంభాలను పిట్టగోడకు బోల్టులు కొట్టి వదిలేస్తే రేకులతో పాటు పిట్టగోడా పోతుంది. స్తంభాలు కాంక్రీటు కాలమ్‌ల మీదికి రావాలి. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి స్క్రూలు, వెల్డింగ్ అతుకులు ముందు తుప్పు పడతాయి. ఏటా వానలకు ముందు వాటిని చూసి రంగు వేయాలి. మున్సిపాలిటీ పరిధిలో ఉంటే అనుమతి సంగతి ముందే కనుక్కోండి. ఇంకో మాట: స్లాబ్‌లో కడ్డీలు ఇప్పటికే తుప్పు పట్టి ఉంటే షెడ్ వేసినా ఆ తుప్పు దానంతట అది ఆగిపోదు.

పెచ్చులు ఊడుతుంటే

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలిచాను. సీలింగ్ పెచ్చు ఊడితే కింద నుంచి సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసేవాళ్లు చాలామంది. మచ్చ కొన్నాళ్లు మాయమవుతుంది. లోపల నీరు బయటికి రాలేక కడ్డీలను ఇంకా తింటుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. కింద మంచం మీద పసిబిడ్డో, ముసలివాళ్లో పడుకుని ఉంటే ఏం జరుగుతుందో ఆలోచించండి. ముందు ఆ గదిలో పడుకోవడం ఆపండి.

మన ప్రాంతంలో ఈ బాధ ఎక్కువ ఉండడానికి ఉప్పు పెద్ద కారణం. సముద్రపు గాలి ఒక వైపు, ఉప్పు బోరు నీళ్లు ఇంకో వైపు. కడ్డీలున్న కాంక్రీటులో వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. మరమ్మతుకు కూడా ఇదే వర్తిస్తుంది. కలపడానికీ, తడపడానికీ తాగే నీళ్లే వాడమనండి. ట్యాంకర్ ఖర్చు పెరిగినా సరే.

సరైన పని ఇలా ఉంటుంది. కింద జాకీలు పెట్టాలి. వదులుగా ఉన్న కాంక్రీటంతా, కడ్డీ వెనక వైపు కూడా కనపడేదాకా కొట్టేయాలి. కడ్డీని బ్రష్షుతో మెరిసేలా తోమి, తుప్పును ఆపే పూత వేయాలి. పాత కాంక్రీటుకు అతుక్కునే మందు రాసి, పాలిమర్ మోర్టార్‌ను పొరలు పొరలుగా ఎక్కించాలి. కడ్డీ లావు కంటికి తెలిసేంత సన్నబడితే మేస్త్రీతో సరిపెట్టకండి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. బాల్కనీలు, సన్‌షేడ్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త. వాటి అసలు కడ్డీలు పై భాగంలో ఉంటాయి. కింద ఆసరా పెట్టకుండా పై నుంచి కొడితే మొత్తం కూలే ప్రమాదం ఉంది.

ఎవరికి ఏది

సొంతింట్లో పెన్షన్ మీద ఉండే దంపతులైతే మూలల మరమ్మతు, వాటం బాగుంటే దాని మీద తెల్ల కోటింగ్. వీళ్లకు ఇది చాలు. అప్పు చేసి షెడ్ వేయించక్కర్లేదు.

పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఇంటిని అద్దెకిచ్చిన వాళ్ల సంగతి వేరు. ఏటా వచ్చి చూసేవాళ్లుండరు కాబట్టి తరచూ మళ్లీ వేయాల్సిన పూత సరిపడదు. ఖర్చయినా పాలిమర్ పూత, పైన టైల్స్ మేలు. తూములు శుభ్రం చేసే బాధ్యత అద్దెకున్నవాళ్లతో ముందే మాట్లాడుకోండి. వేపాకులు, కొబ్బరి మట్టల ముక్కలు తూముకు అడ్డం పడితే ఏ పూతయినా చెరువు కింద ఉన్నట్టే.

రెండు మూడేళ్లలో పైఅంతస్తు వేసే ఆలోచన ఉంటే టైల్స్ మీదా, షెడ్ మీదా డబ్బు తగలేయొద్దు. అప్పటిదాకా తెల్ల కోటింగ్‌తో నెట్టుకురండి.

సముద్రానికి దగ్గరగా, ఇరవై ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఇల్లయితే ముందు ఇంజనీరు, తర్వాత కడ్డీలు, ఆ తర్వాత పాలీయురెథేన్. అపార్టుమెంటులో చివరి అంతస్తువాళ్లు తమ ఫ్లాటు మీది మేరకే వేయించుకుంటామంటే కుదరదు. స్లాబ్ అంతా ఒకటే, నీళ్లు పక్క ఫ్లాటు మీద దిగి మీ ఇంట్లో కారొచ్చు. అసోసియేషన్ మీటింగులో డాబా ఉమ్మడి ఆస్తి అని మాట్లాడి, ఖర్చు అందరికీ పంచడమే సరైనది.

ఎప్పుడు చేయించాలి, ఏం రాయించుకోవాలి

సంక్రాంతి దాటాక చెమ్మ ఆరడానికి కొన్ని వారాలిచ్చి, ఫిబ్రవరి, మార్చిలో చేయించడం మన వాతావరణానికి సరిగ్గా సరిపోతుంది. మే నెల మధ్యాహ్నం కాలే స్లాబ్ మీద కోటింగ్ వేస్తే అతుక్కోకముందే ఆరిపోతుంది. వేసవిలో తప్పకపోతే పొద్దున్నే, సాయంత్రం మాత్రమే వేయమనండి. దసరా తర్వాత మేస్త్రీలు దొరకరు, దొరికినా స్లాబ్ పొడిగా దొరకదు.

పని ఒప్పుకునేటప్పుడు కాగితం మీద రాయించుకోండి: ఏ మందు, ఎన్ని కోట్లు, ఎన్ని కిలోలు, మూలల పని ఇందులో ఉందా లేదా, గ్యారంటీ మందుకేనా చేతిపనికి కూడానా. చివరి వాయిదా డబ్బు నీటి పరీక్ష అయ్యాకే ఇవ్వండి. తూములు మూసి, అంగుళం నుంచి రెండంగుళాల లోతు నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింద చూడాలి. అక్రిలిక్ కోటింగ్‌కు ఇలా నిలబెట్టకుండా గొట్టంతో పారించి చూస్తే చాలు. పెచ్చులూడిన స్లాబ్ మీద, కడ్డీల పని కాకముందు ఈ పరీక్ష అసలు చేయొద్దు. రెండంగుళాల నీరంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు.

ఇది చదివే సమయానికి బయట వాన పడుతూ, ఇంట్లో కారుతూ ఉంటే ఇప్పుడు ఏ పూతా వేయించకండి. తూములు తెరిపించండి, కారే చోటికి పైన టార్పాలిన్ కప్పి ఇసుక బస్తాలు పెట్టండి, ఆ గదిలో ఫ్యాను, లైటు సర్క్యూట్ ఆపేయండి. సీలింగ్‌లో నీరు ఎక్కడ మొదట కనపడిందో, వాన మొదలైన ఎంతసేపటికి కనపడిందో తేదీతో రాసి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ఫిబ్రవరిలో మేస్త్రీ వచ్చినప్పుడు గొట్టం పరీక్షను ఆ చోటి నుంచే మొదలుపెట్టొచ్చు.